నయోమి తిరిగి వచ్చిన దినము

(ధ్యానభాగము: రూతు గ్రంథము 1 నుండి 4 అధ్యాయములు)



రూతు గ్రంథము మన సంఘములలో ఎక్కువగా పెండ్లిండ్లయందు చదువబడును. కోడలు అత్తను విడువక వెంబడించిన సంగతి వినిపించి క్రొత్త పెండ్లికూతురికి బుద్ధి చెప్పుట మనకు వాడుక. ఆ వాడుకలో తప్పులేదు గాని, దానివలన అత్తగారి సంగతి మరుగునపడినది. ఈ నెల మనము ఆ అత్తను, అనగా నయోమిని, చూచెదము. నాలుగే అధ్యాయముల చిన్న పుస్తకమిది. ఒక్క రాత్రి కూర్చుండి చదివి ముగింపవచ్చును. చదువురానివారు ఇంటిలోని పిల్లలచేత చదివించుకొని వినుడి.

యూదా దేశమున కరవు వచ్చెను. బేత్లెహేము అను మాటకు రొట్టెల యిల్లు అని అర్థము. ఆ రొట్టెల యింటిలోనే రొట్టె లేకపోయెను. ఎలీమెలెకు అనువాడు తన భార్యయైన నయోమిని, యిద్దరు కుమారులను వెంటబెట్టుకొని మోయాబు దేశమునకు పోయెను. కొంతకాలము అక్కడ గడిపి, వానలు పడగానే తిరిగి రావలెనని వారి తలంపు కాబోలు. ఇల్లు విడిచి పోవువారందరి తలంపు అదియే గదా. అయితే కొంతకాలము అనుకొన్నది ఇంచుమించు పది సంవత్సరములాయెను. మొదట భర్త చనిపోయెను. తరువాత కుమారులిద్దరును చనిపోయిరి. ఈ మూడు మరణములును వాక్యములో అయిదు వచనములలోనే ముగిసిపోవును. ఏ రోగమో, ఏ ప్రమాదమో వ్రాయబడలేదు. పరదేశములో పాడె మోసినవారెవరో, సమాధికి చోటిచ్చినవారెవరో వ్రాయబడలేదు.

పాలమూరు జిల్లాల సంఘములకు ఈ అయిదు వచనములను వివరించి చెప్పనక్కరలేదు. వానలు లేని సంవత్సరములలో మేస్త్రీయొద్ద అడ్వాన్సు తీసికొని మట్టిపనికి, కాలువ పనికి, ఆనకట్టల పనికి పోయినవారి పిల్లలు, మనుమలు నేడు మన ఆరాధనలలో కూర్చుండియున్నారు. వారిలో అనేకులు క్రిస్మసు పండుగకు వచ్చి, పండుగ మరునాడే పిల్లలను ముసలివారియొద్ద విడిచి మరల బస్సెక్కుదురు.

వారు దిగు చోట్లలో ఒకటి గోపన్‌పల్లి. హైదరాబాదు నగరమునకు పడమట, శేరిలింగంపల్లి మండలములో నున్నది. ఒకప్పుడు గుండ్లు, పొలములు గల పల్లెయే. దాని ప్రక్కనే 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు భూములున్నవి. మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ తెరువబడినది మొదలుకొని ఆ వైపంతయు కంప్యూటరు కంపెనీల భవనములతోను, మెడ నొప్పి పుట్టునంత ఎత్తు అపార్టుమెంట్లతోను నిండుచు వచ్చినది. ఆ అంతస్తులు లేపువారు వాటి నీడలోని రేకుల షెడ్లలో కాపురముందురు. పాలమూరువారు, ఒడిశావారు, బీహారువారు, జార్ఖండువారు ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టుకొని నిలిచెదరు. పని ముగిసిన భవనము గేటు లోపలికి తాము మరల పోలేరని వారికి తెలుసును.

2020 మార్చి 25న దేశమంతటను లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ షెడ్లలో పని ఆగెను, కూలి ఆగెను. మే నెల మొదటి తేదీన తెల్లవారుజామున, గోపన్‌పల్లికి కొద్ది కిలోమీటర్ల దూరములోనున్న లింగంపల్లి స్టేషనునుండి 24 పెట్టెలు గల రైలొకటి ఇంచుమించు 1,200 మంది కూలీలతో జార్ఖండులోని హటియాకు బయలుదేరెను. సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ కట్టడపు పనికి వచ్చినవారిని బస్సులలో స్టేషనుకు తెచ్చిరి. వలస కూలీలను ఇండ్లకు చేర్చుటకు ఆ కాలమున దేశములో నడిచిన మొట్టమొదటి ప్రత్యేక రైలు అదియే. తరువాతి నెలలలో అట్టి రైళ్లు నాలుగు వేలకు పైగా నడిచెను; సుమారు 63 లక్షలమంది వాటిలో తమ తమ ఊళ్లకు పోయిరి. రైలు దొరకనివారు నడిచిరి. మే 8న మహారాష్ట్రలోని ఔరంగాబాదు దగ్గర, నడిచి నడిచి పట్టాలమీద నిద్రపోయిన కూలీల మీదుగా గూడ్సుబండి పోగా పదునారుగురు మరణించిరి. ఈ లెక్కలన్నియు పత్రికలలో వచ్చినవే. ఇల్లు చేరిన తరువాత రాత్రులు ఉలిక్కిపడి లేచి కూర్చున్నవారి లెక్క మాత్రము ఎవరును వ్రాయలేదు.

నయోమియు అట్లే నడచి ఊరికి వచ్చెను. ఊరంతయు గుమిగూడెను. ఈమె నయోమియేనా అని ఆడువారు ఒకరినొకరు అడుగుకొనిరి. ప్రియులారా, ఆ ప్రశ్న యెట్టిదో మనకు తెలియును. బస్సు దిగినవానిని చెట్టుక్రింద కూర్చున్నవారు చూచు చూపు అది. ఏమిట్లు చిక్కిపోతివి, ఏమి సంపాదించితివి, వెంట వెళ్లినవారేరి అని ఆ చూపులోనే అడిగివేయుదురు.

నయోమి అను పేరునకు మధురమని అర్థము. ఆమె ఆ పేరు వద్దనెను. చేదు అని అర్థమిచ్చు మారా అను పేరు తనకు పెట్టుకొనెను. తాను నిండుగా వెళ్లితిననియు, దేవుడు తన్ను వట్టిదానిగా తిరిగి తెచ్చెననియు అందరి యెదుట చెప్పెను. దేవుని పేరెత్తియే ఫిర్యాదు చేసెను. ఆమె వట్టిచేతులని చెప్పుచున్న ఆ గడియలోనే రూతు ఆమె ప్రక్కను నిలిచియున్నది. దుఃఖము అంత దగ్గరనున్నదానిని గూడ కనపడనీయదు. రూతు దానికి నొచ్చుకొనినట్లు వ్రాయబడలేదు.

ఇంకొకటి గమనించుడి. ఆ స్త్రీలలో ఒక్కతెయైనను, అమ్మా, దేవుని గూర్చి అట్లనకూడదని ఆమె నోరు మూయించినట్లు లేదు. దేవుడును ఆకాశమునుండి గద్దింపలేదు. ఆ చేదుమాట అట్లే గ్రంథములో నిలిచిపోయినది. పరిశుద్ధ గ్రంథములో ఇట్టి మాటలు అనేకములున్నవి. యోబు తాను పుట్టిన దినమును శపించెను. యిర్మీయా ఏడ్చెను. 88వ కీర్తన తీసి చివరి వచనము చూడుడి. అది స్తోత్రముతో ముగియదు, చీకటితో ముగియును. దానిని కీర్తనల గ్రంథమునుండి తీసివేయవలెనని పెద్దలెవరికిని తోచలేదు. దేవుని మందిరములో పాడుటకే అది ఉంచబడినది.

ఇచ్చట మా తప్పిదమొకటి ఒప్పుకొనవలసియున్నది. గోపన్‌పల్లిలో ఒక రేకుల షెడ్డులో ప్రార్థన కూటము జరుగుచుండెను. నారాయణపేట వైపునుండి వచ్చిన ఒక సహోదరి అక్కడికి వచ్చెడిది. తట్టపని చేయు మనిషి. 2021లో కరోనా రెండవసారి విజృంభించినప్పుడు ఆమె భర్త చనిపోయెను. ఆమెకు ముఖము చూపలేదు. మూటను మాత్రము దూరమునుండి చూచినది. ఊరికి పోయి, అక్కడ బ్రతుకు గడువక, ఇద్దరు పిల్లలను తల్లియొద్ద ఉంచి మరల ఆ షెడ్డులకే వచ్చెను. ఒక సాయంకాలము కూటములో సాక్ష్యము చెప్పుటకు లేచి, రోడ్డుమీద అంబులెన్సు కూత వినబడినప్పుడెల్ల తన చేతులు వణకి తలమీది తట్ట జారిపోవుచున్నదనియు, మేస్త్రీ తిట్టుచున్నాడనియు, కన్ను మూసిన ఆ మూటయే కనబడుచున్నదనియు చెప్పసాగెను. చెప్పుచు చెప్పుచు గట్టిగా ఏడ్చెను.

మాకు భయము వేసినది. కూటము చెడిపోవునని తలంచితిమి. అమ్మా, గడచినవాటిని తలంచుకొనవద్దని యెషయా ప్రవక్త చెప్పెను గదా, విశ్వాసురాలవు ఇట్లు ఏడ్వవచ్చునా అని అడిగి, ఆమె మాట ముగియకముందే పాట యెత్తుకొంటిమి. అందరును చప్పట్లు కొట్టి పాడిరి. ఆమె పైటచెంగు నోటికడ్డము పెట్టుకొని కూర్చుండెను. ఆ తరువాత మూడు నెలలు ఆమె కూటమునకు రాలేదు. విశ్వాసములో చల్లారినదని మేము ఒకరితో ఒకరము చెప్పుకొంటిమి. చల్లార్చినది మేమే.

తరువాత సిగ్గుపడి ఆ వచనమును మరల తీసి చూచితిమి. యెషయా 43వ అధ్యాయములో ఆ మాట బబులోను చెరలోనున్న జనులతో చెప్పబడినది. ఐగుప్తునుండి తెచ్చినప్పటి గొప్ప కార్యముతోనే దేవుని పని ముగిసెననుకొనకుడి, ఇప్పుడు క్రొత్త త్రోవ తెరువబోవుచున్నాడు అని దాని భావము. అదే గ్రంథము 46వ అధ్యాయములో పూర్వకార్యములను జ్ఞాపకము చేసికొనుమని యున్నది. భర్తను పోగొట్టుకొన్నదాని నోరు మూయుటకు ఆ వచనము ఇయ్యబడలేదు.

పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో వెనుకనున్నవి మరచుచున్నానని వ్రాసిన మాటనుగూడ మనమిట్లే వాడుచున్నాము. ఆ మూడవ అధ్యాయము మొదటినుండి చదివినయెడల, అతడు వెనుకవేసినవాటిలో తన వంశము, తన చదువు, తన నీతి మొదలైన అతిశయములు ముందుండుట తెలియును. తాను పొందిన దెబ్బలను అతడు మరువలేదు. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 11వ అధ్యాయములో వాటిని లెక్కవేసి చెప్పెను: ఒకటి తక్కువ నలువది దెబ్బలు అయిదుసార్లు, బెత్తముల దెబ్బలు మూడుసార్లు, రాళ్లదెబ్బలు ఒకసారి, ఓడ పగులుట మూడుసార్లు. మరచినవాడు ఇంత సరిగా లెక్క చెప్పునా?

యోసేపును చూడుడి. తన కష్టమంతయు దేవుడు మరపించెనని చెప్పి పెద్దకుమారునికి మనష్షే అని పేరు పెట్టుకొనెను. పేరు పెట్టినంతమాత్రమున మరపు రాలేదు. అన్నలు ధాన్యమునకు వచ్చి ఎదుట నిలువగా, చాటునకు పోయి ఏడ్చెను; ముఖము కడుగుకొని వచ్చెను; మరల ఏడ్చెను; చివరకు ఐగుప్తీయులకు వినబడునంత బిగ్గరగా ఏడ్చెను. గుంటలో త్రోయబడిన పదునేడేండ్ల పిల్లవాడు ఆ ప్రధాని వస్త్రముల లోపల అంతకాలమును ఉండెను.

మా సంగతికి వచ్చెదము. మేము చేయలేనిదానిని సంఘములోని ఒక అవ్వ చేసెను. ఆమెకు అక్షరము రాదు. కూటములో నోరు తెరచి ప్రార్థించుటయు తక్కువే. ఆ సహోదరి రెండు ఆదివారములు కనబడకపోగా మూడవ వారము సాయంకాలము రెండు జొన్నరొట్టెలు, పచ్చిపులుసు గిన్నె కొంగున పట్టుకొని షెడ్డుకు పోయెను. తిన్నదాక కూర్చుండెను. తరువాత చాప పరచి, "బిడ్డా, నువ్వు పండుకో. నేనీడనే ఉంట" అనెను. మరునాడు సాయంకాలము మరల పోయెను. ఇట్లు ఇంచుమించు నెలదినములు పోయెను. ఏమని ప్రార్థించితివి అవ్వా అని తరువాత మేమడిగితిమి. "ప్రార్థన ఏం జేస్తనయ్యా? దానికి నిద్ర రాకపోతే నాకు గూడ రాకపోయేది. గంతే" అనెను.

ఏలీయా బదరీవృక్షము క్రింద పడి చావు కోరినప్పుడు దేవుని దూత చేసినది ఇదియే. మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయములో చదువుడి. దూత వచ్చి ప్రసంగింపలేదు. తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన రొట్టెను, నీళ్ల బుడ్డిని చూపెను. ఏలీయా తిని మరల పండుకొనెను. దూత రెండవసారి వచ్చి మరల తినుమనెను. ప్రయాణము నీ శక్తికి మించినదని ఒప్పుకొనెను. కొండమీది మెల్లని స్వరము నలువది దినముల తరువాతి సంగతి. మనము ఏలీయాయొద్దకు పోయినయెడల మొదట ఆ స్వరమునే వినిపింపజూతుము. రొట్టె సంగతి జ్ఞాపకముండదు.

యోబు స్నేహితులను మనమందరము నిందించుచున్నాము. అయినను వారు మొదటి ఏడు దినములు, ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చుండి ఒక్కమాట పలుకలేదు. వారు చేసిన మంచి పని అదే. ఎనిమిదవ దినమున నోరు తెరచి చెడగొట్టుకొనిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో, విపత్తులలో చిక్కినవారికి మనోధైర్యమిచ్చుటనుగూర్చి ఒక చిన్న పుస్తకము ప్రచురించినది. చూడుడి, వినుడి, కావలసిన సహాయమునకు చేర్చుడి అను మూడు మాటలలో దాని సారమున్నది. జరిగినది చెప్పుమని బాధితుని బలవంతపెట్టకూడదు, అతడు చెప్పదలచినప్పుడు ఆపకూడదు అని అందులో బోధింతురు. అవ్వ ఆ పుస్తకము చదువలేదు. మేము చదువగలవారమే.

నయోమి ఊరు చేరినది యవల కోత ఆరంభమైనప్పుడు అని వాక్యము చెప్పుచున్నది. ఆ మాట ఊరకనే వ్రాయబడలేదు. కోతకాలమున బీదవానికి పొలములో హక్కున్నది. పొలపు అంచులు పూర్తిగా కోయకూడదనియు, జారిపడిన వెన్నులు మరల ఏరుకొనకూడదనియు, మరచిన పనకొరకు తిరిగి పోకూడదనియు, అవి బీదలకు, పరదేశులకు, విధవరాండ్రకు విడువవలెననియు ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను. పరిగె ఏరుకొనుట భిక్షము కాదు. రూతు వంగి ఏరి, దుల్లగొట్టి, ఇంటికి మోసికొని వచ్చెను. సగము తిని మిగిల్చినదానిని అత్తకు పెట్టెను. చేదైనదని పేరు పెట్టుకొన్న ఆ ముసలిది ఆ పిడికెడు పేలాలు తిన్న సాయంకాలముననే దేవుని పేరు ఆశీర్వాదముగా పలికినట్లు రెండవ అధ్యాయములో చదువుచున్నాము. మొదటి అధ్యాయములో ఫిర్యాదు చేసిన నోరే అది. నడుమ జరిగినదేమి? ఎవరో ఒకరు పొలములో కొన్ని వెన్నులు కావలెనని విడిచిరి.

మన మెతుకుసీమలో దీనికి సాక్ష్యముగా రాతిగుడి యొకటి నిలిచియున్నది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున మెదకు ప్రాంతము కరవులతో అల్లాడినప్పుడు, వెస్లియను మిషనరీయైన చార్లెసు వాకర్ పాస్నెట్ దొరగారు ఆకలిగొన్నవారికి పని కల్పించి కూడు పెట్టుచు ఆ మందిరమును కట్టించిరి. 1914లో పని మొదలాయెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. దాని గోపురము 175 అడుగుల యెత్తు. దూరపువారు దాని అద్దపు కిటికీలను చూచుటకు వచ్చెదరు. మనము వెళ్లినప్పుడు క్రిందనున్న రాళ్లనుగూడ చూడవలెను. ఆకలితో వచ్చినవాడు చేయి చాపి నిలువక, తట్ట మోసి, సాయంకాలము తన కష్టార్జితముతో ఇంటికి పోయెను. ఒంగోలు వైపున 1876-78 నాటి గొప్ప కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము పని తీసికొని వేలమందిని బ్రతికించిరి. ఆ సహాయము సాగినన్నాళ్లు బాప్తిస్మములు ఆపిరి. అన్నముకొరకు వచ్చితిరన్న నింద ఆ బీదలమీద పడకూడదని వారి తలంపు. సహాయము ముగిసిన తరువాత, 1878 జూలై 3న, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఒకని ఆకలిని ఆసరాగా చేసికొని విశ్వాసము కొనకూడదని ఆనాటివారికి తెలిసియుండెను. నేడు స్వస్థత కూటముల పేరట జరుగువాటిని చూచినప్పుడు మాకు ఈ సంగతి తరచుగా జ్ఞాపకము వచ్చును.

నాలుగవ అధ్యాయములో బోయజు ఊరి గవినియొద్ద పదిమంది పెద్దలను కూర్చుండబెట్టెను. అక్కడ అతడు ఎలీమెలెకు పేరు, మహ్లోను పేరు, కిల్యోను పేరు బిగ్గరగా చెప్పెను. చనిపోయినవాని పేరు తన ఊరి గవినిలోనుండి కొట్టివేయబడకూడదని చెప్పి సాక్షులను పెట్టెను. మోయాబు మట్టిలో ఎవరికిని తెలియకుండ కలిసిపోయిన ముగ్గురి పేర్లు, వారు పుట్టిన ఊరిలో, పెద్దలందరు వినగా పలుకబడెను. మొదటి అధ్యాయములో దిక్కులేనట్లు గడచిపోయిన మరణములకు ఇది జరిగినది. చచ్చినవారు లేచి రాలేదు. వారి పేర్లు ఊరికి తిరిగి వచ్చెను.

ఓబేదు పుట్టినప్పుడు ఇరుగుపొరుగు స్త్రీలు సంతోషించి, నిన్ను ప్రేమించు ఈ కోడలు ఏడుగురు కుమాళ్లకంటె ఎక్కువయని నయోమితో చెప్పిరి. నేను వట్టిదాననైతినని ఆమె చెప్పిన దినమున వారు ఆ మాట అనలేదు, అనగలిగియు అనలేదు. సంవత్సరము ఆగిరి. ఇప్పుడనిరి. నయోమి శిశువును రొమ్మున చేర్చుకొనెను గాని, నాలుగవ అధ్యాయములో ఆమె ఒక్కమాటయు పలుకలేదు. నన్ను ఇకమీదట మారా అనకుడని చెప్పినట్లు లేదు. గ్రంథకర్తమాత్రము మొదటినుండి కడవరకు ఆమెను ఒక్కసారియు మారా అనలేదు. ఆమె తన పేరు మరచిన దినములలో మరియొకరు దానిని దాచియుంచిరి.

ఆ శిశువు దావీదునకు తాత. ఆ వంశమున, అదే బేత్లెహేములో, మన ప్రభువు పుట్టెను. ఆయనయు గాయములు లేనివానివలె లేచి రాలేదు. పునరుత్థానుడై తలుపులు మూసిన గదిలోనికి వచ్చినప్పుడు చేతులను, ప్రక్కను చూపెను. సమాధిని గెలిచినవానికి ఆ మచ్చలు మాన్పుకొనుట అసాధ్యమా? వాటిని ఉంచుకొనెను. రక్తము కారుట లేదు, నొప్పి లేదు, అయినను మచ్చలున్నవి. తోమా వాటిని చూచియే ఆయనను గుర్తించెను.

ఒక సంగతి స్పష్టముగా చెప్పవలసియున్నది. కష్టము జరిగిన క్రొత్తలో నిద్ర పట్టకపోవుట, ఉలికిపాటు, పీడకలలు, ఊరకనే గుండె దడదడలాడుట ఎవరికైనను కలుగును. అది దయ్యము కాదు, విశ్వాసలోపము కాదు. అనేకులకు కొన్ని వారములలో తగ్గును. నెలదినములు దాటినను తగ్గక, పని చేయనీయక, తిననీయక, చావవలెనను తలంపు పుట్టించుచున్నయెడల వైద్యునియొద్దకు పోవలెను. కాలు విరిగినవానిని కూటములో కూర్చుండబెట్టి పాట పాడము గదా. లూకా వైద్యుడై యుండియే సువార్త వ్రాసెను. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము టెలిమానస్ అను సహాయము ప్రారంభించినది. 14416 అను నంబరునకు ఫోను చేసినచో తెలుగులో మాటలాడవచ్చును, డబ్బు తీసికొనరు. హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యాలయమున్నది. దాని పేరు చెప్పి ఎగతాళి చేయు అలవాటు మన ఊళ్లలో ఉన్నది. సంఘ పెద్దలు ఆ యెగతాళిని నోట రానీయకూడదు. ప్రార్థనయు మందును ఒకే దేవుని యింటనుండి వచ్చునవి.

ఆ సహోదరిని అవ్వయే ఒకనాడు వెంటబెట్టుకొని వైద్యునియొద్దకు పోయెను. మందులు కొంతకాలము వాడినది. నాలుగవ నెలలో కూటమునకు వచ్చినది. మేము ఆమె యెదుట, అందరు వినగా, ఆ దినమున నీ నోరు మూయించితిమమ్మా, క్షమింపుమని అడిగితిమి. ఆమె తల వంచుకొని ఏమియు పలుకలేదు. క్షమించితినని చెప్పలేదు, మేమును బలవంతపెట్టలేదు.

ఆ సంవత్సరము ఆఖరి ఆదివారమున, సంఘములో చనిపోయినవారి పేర్లు చదివి ప్రార్థించు వాడుక చొప్పున జాబితా చదివితిమి. ఊరి సంఘమువారి పేర్లే అందులో ఉండెను. షెడ్డులవారిని వ్రాయుట మాకెవరికిని తోచలేదు. చదువుట ముగించి కన్నులు మూసికొనబోవుచుండగా ఆమె వెనుక వరుసలో లేచి నిలిచెను. తన భర్త పేరు చెప్పెను. ఇంటిపేరు చెప్పెను. ఊరి పేరు చెప్పెను. గొంతు వణకినది గాని ఆగలేదు. ఈసారి ఎవరును పాట యెత్తుకొనలేదు. వెంటనే ఒడిశానుండి వచ్చిన యువకుడొకడు లేచి తన తమ్ముని పేరు చెప్పెను. తరువాత మరియొకరు లేచిరి.

మా చేతిలోని కాగితమున క్రింద కొంచెమే చోటు మిగిలియుండెను. దానిని వెనుకకు త్రిప్పి, వారు చెప్పినవి చెప్పినట్లు వ్రాసికొంటిమి.